మూడు అంగుళాల లిఫ్టు తీసేశాక దారికొచ్చిన పికప్: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పికప్‌కి పెద్ద టైర్లు కావాలని వచ్చేవాళ్ళలో చాలామంది ముందు లిఫ్టు, అంటే సస్పెన్షన్ మార్చి బండిని పైకి లేపే ఎత్తు, ఎంతో తేల్చుకుంటారు. తర్వాత ఆ ఎత్తుకి బాగుండే రిమ్ము చూస్తారు. టైరు సంగతి ఆఖరికి వస్తుంది. ఈ కేసులో ఆ వరస తిరగేశాం. ఎందుకు తిరగేశామో, ఒక్కో చోట ఏం ఆలోచించామో వివరంగా రాస్తున్నాను. ఓనరుని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, 1.9 లీటర్ల డీజిల్, ఫోర్ వీల్ డ్రైవ్. మన శ్రీసిటీలో తయారైనదే. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా ఒక ఆర్మ్‌తో పట్టే అమరిక), కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. కంపెనీ ఇచ్చిన టైరు 255/60 ఆర్18 (వెడల్పు 255 మి.మీ., సైడ్‌వాల్ అంటే పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు). ఓనరు విశాఖలో ఉంటారు. ఏజెన్సీ ప్రాంతంలో సెల్ టవర్ల జనరేటర్లు, బ్యాటరీలు చూసే కాంట్రాక్టు ఆయనది. చోడవరం, వడ్డాది మీదుగా పాడేరు ఘాట్ ఎక్కి, అక్కణ్ణుంచి జి.మాడుగుల, చింతపల్లి వైపు తిరుగుతారు. తిరిగే దూరంలో మూడొంతులు తారు రోడ్డే. మిగతాది టవర్ల దగ్గరికి వెళ్ళే కొండదారి: వాన నీళ్ళు కోసేసిన గాడులు, కత్తుల్లాంటి రాళ్ళు, వానాకాలంలో ఎర్ర బురద. వెనక తొట్టిలో పనిముట్లు, బ్యాటరీలు, కేబుళ్ళు కలిపి ఎప్పుడూ 200 కిలోల దాకా బరువు ఉంటుంది.

బండి ఎలా వచ్చింది

మా దగ్గరికి వచ్చేటప్పటికే బండి మీద బోలెడు ఖర్చయింది. వేరే చోట 285/70 ఆర్17 టైర్లు, మైనస్ 12 ఆఫ్‌సెట్ రిమ్ములు (రిమ్ము బండికి ఆనే చోటు దాని నడిమి గీతకి ఎన్ని మి.మీ. పక్కన ఉందో చెప్పేది ఆఫ్‌సెట్; అది తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది), మూడు అంగుళాల లిఫ్టు వేయించారు. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసిన భాగం) పైన ఎత్తు పెంచే స్పేసర్లు పెట్టారు. వెనక యాక్సిల్‌కీ కమాన్ కట్టకీ మధ్య ఇనుప దిమ్మలు దూర్చారు.

ఓనరు చెప్పింది ఇది: "బండి రోడ్డు మీద నిలబడట్లేదు గురువుగారూ. ఎనభై దాటితే స్టీరింగు పట్టుకుని సర్దుతూనే ఉండాలి. ఘాట్ దిగుతుంటే బ్రేకు ఇదివరకటిలా పట్టట్లేదు. మైలేజీ పదకొండున్నర నుంచి తొమ్మిదికి పడిపోయింది. ఎదురొచ్చే ప్రతి బండివాడూ లైటు కొట్టి తిడుతున్నాడు."

ఆయన అప్పటికే చాలాచోట్ల అలైన్‌మెంటు, బ్యాలెన్సింగ్ చేయించారు. ఒక చోట స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగు అదురుని మింగే చిన్న షాకబ్జర్) కూడా వేశారు. డ్యాంపర్‌తో చేతికి అదురు తగ్గింది. బండి పక్కకి పోవడం మాత్రం తగ్గలేదు. అదురూ పక్కకి పోవడమూ వేరు వేరు కారణాలతో వస్తాయి కాబట్టి ఇది ఊహించదగ్గదే.

చూసినప్పుడు కనబడినవి

బండిని ర్యాంపు మీదకి ఎక్కించే ముందు నేను అడిగింది ఒక్కటే: అసలు ఈ మార్పులు ఎందుకు చేయించారు? "కింద తగులుతోంది, టైర్లు కోసుకుపోతున్నాయి" అన్నారు. అయితే కంపెనీ టైర్లు ఇంట్లో ఉంటే తెచ్చి చూపించమన్నాను. బండి కింద గీతల్ని కూడా ఒక్కొక్కటే చూశాను. ఈ కేసు తేలింది ఆ రెండిటి వల్లే.

పాత టైర్లలో ట్రెడ్డు (నేలకి ఆనే గాళ్ళ భాగం) సగానికి పైగా ఉంది. కోతలన్నీ సైడ్‌వాల్ మీదే, నడిమి భాగంలో, రాయి నొక్కి చీల్చిన తీరులో ఉన్నాయి. రెండు రిమ్ముల అంచులు లోపలికి వంగాయి. అంటే 18 అంగుళాల రిమ్ము మీద ఉన్న 153 మి.మీ. సైడ్‌వాల్ రాతికి సరిపోలేదు. రాయికీ రిమ్ముకీ మధ్య రబ్బరు నలిగిపోయింది. టైరు మొత్తం వ్యాసం చాలకపోవడం వల్ల వచ్చిన కోతలు కావివి.

ఇక కింద గీతలు. వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్లు) హౌసింగ్ మీద కంపెనీ పెయింటు చెక్కుచెదరలేదు. సైడ్ స్టెప్పులు మాత్రం రెండు వైపులా పొడుగునా నొక్కుకుపోయి, ఒక చోట బ్రాకెట్టు వంగి ఉంది. బయట కొని వేయించుకున్న వెనక ఇనుప గార్డు కింది అంచు లోతుగా గీరుకుపోయింది. ముందు స్కిడ్ ప్లేటు (అడుగున రాళ్ళ దెబ్బ కాచే పలక) మూల మీద కొద్దిగా గీతలున్నాయి. తగిలినవన్నీ ఇవే. వీటిలో రెండు కంపెనీ బండిలో భాగం కూడా కావు, తర్వాత తగిలించుకున్నవి.

ఇక్కడ లిఫ్టు గురించి చాలామంది పట్టించుకోని విషయం ఒకటి చెప్పాలి. వెనక యాక్సిల్ ఒకే గట్టి హౌసింగ్. కమాన్ ఎంత ఎత్తినా పైకి లేచేది చట్రం, క్యాబ్, తొట్టి. డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని నేలకి దూరం చేసేది టైరు ఒక్కటే, అదీ వ్యాసం పెరిగినదాంట్లో సగమే. 255/60 ఆర్18 వ్యాసం 763 మి.మీ., 285/70 ఆర్17 వ్యాసం 831 మి.మీ. తేడా 68. గుండు కింద కలిసొచ్చింది 34. ఈయన బండిలో ఆ గుండు ఎక్కడా తగల్లేదు. ఎక్కడైనా తగిలితే అప్పుడు ఆ 34 కోసం ఆలోచించాలి.

వచ్చిన సమస్యలకి కారణాలు

స్టీరింగు: ముందు స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ మీద లోపలికి ఉంటుంది. అందుకని స్పేసరు 38 మి.మీ. ఉంటే చక్రం దగ్గర దాదాపు 75 లేస్తుంది. అంత లేచేసరికి క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, పడిపోయింది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండడం హ్యాండిల్ వదిలినా తిన్నగా పోవడానికి సాయపడుతుంది కదా, క్యాస్టర్ చేసే పనీ అదే. సర్దుబాటు బోల్టుల్ని చివరిదాకా తిప్పినా కంపెనీ చెప్పిన కనీసానికి రెండు డిగ్రీలు తక్కువే వచ్చింది. ఇంతకుముందు అలైన్‌మెంటు చేసినవాళ్ళు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి పంపేశారు. రిపోర్టులో టో పచ్చగా వస్తే చాలామందికి అదే అలైన్‌మెంటు.

ఆఫ్‌సెట్: కంపెనీ రిమ్ము ప్లస్ 33. దాన్ని మైనస్ 12 చేస్తే చక్రం మధ్య గీత 45 మి.మీ. బయటికి జరుగుతుంది. టైరు వెడల్పు 30 పెరిగింది కాబట్టి ఇంకో 15. మొత్తం 60 మి.మీ. టైరు అంచు బయటికొచ్చి మడ్‌గార్డు దాటేసింది. ప్రతి గతుకూ స్టీరింగుని లాగే బలం పెరిగింది, బేరింగు మీద భారమూ పెరిగింది. చక్రం తిరిగేటప్పుడు గీసే వంపు పెద్దదవడంతో ఫుల్ లాకులో (స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడు) టైరు వెనకున్న లైనర్‌ని, అంటే మడ్‌గార్డు లోపలి పొరని, నమిలేస్తోంది.

వణుకు: హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) మధ్య గుండ్రం 100.1 మి.మీ. ఆ రిమ్ముల రంధ్రం 110. ఆ సందు పూడ్చే రింగులు లేవు. అంటే చక్రం హబ్ మీద కూర్చోలేదు, నట్లకి వేలాడుతోంది. నట్లు ఏ వరసలో బిగిస్తే ఆ వైపు కొద్దిగా పక్కకి కూర్చుంటుంది. మెషీన్ మీద బ్యాలెన్సు సున్నా చూపిస్తుంది, రోడ్డు మీద వణుకు ఉంటుంది.

సీవీ బూటు (ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు జాయింటు మీది రబ్బరు తొడుగు): ఎడమ పక్క బయటి బూటు మడతల్లో చీలింది. చక్రం లోపలి వైపు, షాకబ్జర్ మీద గ్రీజు గుండ్రంగా చిమ్మి ఉంది. షాఫ్టు కోణం అంత ఏటవాలైతే బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. ఇంకొన్ని నెలలు చూసుకోకపోతే ఆ చీలికలోంచి ఎర్ర మట్టి దూరి జాయింటే పోయేది.

బ్రేకు: అదే క్యాలిపర్, అదే డిస్కు. చక్రం వ్యాసం 9 శాతం పెరిగితే నేల దగ్గర ఆపే బలం దాదాపు అంతే తగ్గుతుంది. పైగా తూకం వేస్తే ఒక్కో చక్రం కంపెనీదాని కన్నా 11 కిలోల దాకా ఎక్కువుంది, అదీ ఎక్కువగా అంచున. తిరిగే బరువుని ఆపడం ఇంకా కష్టం. గేరు కూడా 9 శాతం పొడుగైనట్టే, ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్ పట్టే పట్టు తగ్గి ఆ పనీ బ్రేకు మీదే పడింది.

మైలేజీ: ఇక్కడ కొంత లెక్క సరిచేసుకోవాలి. పెద్ద టైరుతో మీటరు 100 కి.మీ. చూపించినప్పుడు బండి దాదాపు 109 తిరుగుతుంది. కాబట్టి మీటరు ప్రకారం వచ్చిన 9 నిజానికి 9.8. పడిపోయింది రెండున్నర కాదు, ఒకటిన్నర పైచిలుకు. స్పీడులోనూ ఇదే: ముల్లు 80 చూపిస్తుంటే బండి ఇదివరకు 80 చూపించినప్పటికన్నా 9 శాతం వేగంగా పోతోంది. ఘాట్‌లో మలుపు అంచనా వేసే మనిషికి ఇది తెలియాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. స్టెప్నీ ఇంకో ఎత్తు. తొట్టి కింద 285 పట్టదు. అందుకని పాత 255 స్టెప్నీయే ఉంచేశారు. కొండదారిలో ఒక టైరు పోతే ఆ చిన్న చక్రం వేసి ఫోర్ వీల్ డ్రైవ్ వాడితే ఒకే యాక్సిల్ మీద రెండు వేర్వేరు వ్యాసాలు, ముందూ వెనకా కలిపి కట్టేసిన షాఫ్టులు. డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా యాక్సిళ్ళకి శక్తి పంచే గేర్ల పెట్టె) రెండూ ఒత్తిడికి లోనవుతాయి. ఫోర్ వీల్ అవసరమయ్యే చోటే అది వాడలేని పరిస్థితి. ఏజెన్సీలో ఒంటరిగా తిరిగే మనిషికి నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

ప్రయత్నించి వదిలేసినవి

ఓనరు కొత్త టైర్లకి చాలా ఖర్చుపెట్టారు. వాటిని ఉంచుతూ బాగుచేయడం కుదురుతుందా అని చూడడం న్యాయం. ముందు అల్యూమినియం హబ్ రింగులు వేశాం. 70 నుంచి 90 మధ్య వచ్చే వణుకు పోయింది. బయల్దేరేటప్పుడు వచ్చే వణుకు మాత్రం మిగిలింది. దానికి కారణం వెనక దిమ్మలు. వాటి వల్ల ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజిన్ శక్తిని వెనక యాక్సిల్‌కి తీసుకెళ్ళే రాడ్డు) కోణం మారింది, క్లచ్చు వదిలినప్పుడు యాక్సిల్ మెలి తిరగడమూ ఎక్కువైంది.

తర్వాత ఎత్తు 45 మి.మీ.కి దించి అదే టైరుతో చూశాం. క్యాస్టర్ పరిధిలోకి వచ్చింది, స్టీరింగు నిలబడింది. కానీ ఫుల్ లాకులో టైరు లైనర్‌ని దాటి, వెనకున్న క్యాబ్ మౌంటు ఇనుముకి తగిలింది. ఆ మౌంటు కోసి వెల్డింగ్ చేసే షాపులున్నాయి. క్యాబ్ చట్రం మీద కూర్చునే చోటు అది. గుద్దుకున్నప్పుడు మనుషుల్ని కాపాడేవాటిలో ఒకటి. టైరు పట్టడం కోసం దాన్ని కోయకూడదని నా అభిప్రాయం, ఓనరుకీ అదే చెప్పాను. పోనీ ఆఫ్‌సెట్ తిరిగి ప్లస్ 30కి తెద్దామంటే 285 వెడల్పు లోపలి వైపు 12 మి.మీ. జరిగి, పై ఆర్మ్ దగ్గర సందు చాలదు. బయటికి పెడితే మౌంటు, లోపలికి పెడితే ఆర్మ్. ఆ టైరు ఈ బండిలో పెద్ద కోతలు లేకుండా ఇమడదు. ఇక్కడితో ఆ దారి వదిలేశాం.

కాగితాల సంగతి

కొత్త సామాను ఆర్డరు పెట్టే ముందే ఓనరుకి చట్టం గురించి చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 182ఎ సెక్షను కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వేరే. అందుకని ఏం మారుస్తున్నామో రాసిచ్చి, ఆర్టీవో ఆఫీసులోనూ బీమా వాళ్ళ దగ్గరా అడిగి రమ్మన్నాను. కంపెనీ రిమ్ములు, స్ప్రింగులు అమ్మేయకుండా దాచమన్నాను. బోల్టు విప్పి పాత సామాను బిగిస్తే బండి మొదటిలా అయిపోయే మార్పులు మాత్రమే చేస్తామని ముందే ఒప్పుకున్నాం. కోత, వెల్డింగ్ లేవు.

కుదిరింది

మొదట డబ్బు ఖర్చు లేని పని: సైడ్ స్టెప్పులూ వెనక గార్డూ విప్పేశాం. క్యాబ్ పక్కన నేల నుంచి నాలుగు అంగుళాల పైనే కలిసొచ్చింది. మూడు అంగుళాల లిఫ్టు ఇచ్చినదానికన్నా ఇది ఎక్కువ.

తర్వాత టైరు. మూడు సైజులు బల్ల మీద పెట్టుకున్నాం. 265/60 ఆర్18 అయితే కంపెనీ రిమ్ములే ఉంచొచ్చు, కానీ సైడ్‌వాల్ 159 మి.మీ., పెరిగేది 6 మాత్రమే. అసలు జబ్బు సైడ్‌వాల్ అయినప్పుడు అది మందు కాదు. 265/70 ఆర్17 వ్యాసం 803, గుండు కింద 20 మి.మీ. కలిసొస్తుంది. చాలామంది దీన్నే వేస్తారు, ఓనరు మనసూ దాని మీదే ఉంది. కానీ వ్యాసం 5 శాతం పెరుగుతుంది. బ్రేకులో, గేరులో ఆ 5 శాతం కట్టాలి, స్టెప్నీ చోటు సందేహం. గుండు తగలని బండికి ఆ 20 మి.మీ. ఎందుకు? మధ్యది 265/65 ఆర్17. వ్యాసం 776, అంటే కంపెనీదాని కన్నా 1.7 శాతమే ఎక్కువ. సైడ్‌వాల్ మాత్రం 172, దాదాపు 19 మి.మీ. అదనపు రబ్బరు. స్టెప్నీ తొట్టి కింద ఇముడుతుంది. దీన్నే ఎంచుకున్నాం, ఐదు టైర్లూ ఒకే రకం.

ఏటీ (తారుకీ మట్టిదారికీ పనికొచ్చే) రకంలో మామూలుదా, ఎల్‌టీ (బరువు మోసే బండ్ల కోసం చేసిన) రకమా అన్నది కొంచెం తర్జనభర్జన అయింది. ఎల్‌టీ టైరు గోడ గట్టిది, బరువూ ఎక్కువ, ఖాళీ బండిలో కొంచెం ఎగురుతుంది. తారు రోడ్డు మీదే తిరిగేవాళ్ళకి నేను వద్దంటాను. ఈయన బండి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. వానలో కొండ మీద టైరు చీలితే రాత్రంతా అక్కడే ఉండాలి. అందుకని ఎల్‌టీ తీసుకున్నాం. ఎల్‌టీకి కంపెనీ స్టిక్కరు మీది గాలి లెక్క వర్తించదు. ట్రెడ్డుకి అడ్డంగా సుద్దగీత గీసి, తిన్నటి రోడ్డు మీద కొంత దూరం నడిపి, సుద్ద ఎక్కడ చెరిగిందో చూశాం. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. ముందు 36 పాయింట్లు, సామానుతో వెనక 38 దగ్గర గీత అడ్డంగా సమానంగా చెరిగింది. రాళ్ళదారిలో 28కి దించమన్నాను, అంతకన్నా వద్దన్నాను. మరీ తగ్గిస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి మళ్ళీ రాళ్ళకే దొరుకుతుంది.

రిమ్ము 17 అంగుళాలు, ప్లస్ 30 ఆఫ్‌సెట్. టయోటా హైలక్స్, ఫార్చూనర్ కొలతలో బజార్లో తేలిగ్గా దొరికే రకం. ఆరు బోల్టులు కూర్చునే 139.7 మి.మీ. వృత్తం వాటికీ ఈ బండికీ ఒకటే. రంధ్రం 106.1 కాబట్టి 100.1కి అల్యూమినియం రింగులు వేశాం. టైరు అంచు బయటికి 8 మి.మీ., లోపలికి 2 మి.మీ. మాత్రమే జరిగింది. నట్టు కూర్చునే చోటు తప్పకుండా చూడాలి. టయోటా కంపెనీ అల్లాయ్‌కి చదును వాషరున్న నట్టు పడుతుంది, బయటి రిమ్ములకి ఎక్కువగా కోన్ నట్టు. రెండూ మరలో ఎక్కుతాయి, కానీ తప్పు నట్టు వేస్తే చక్రం వదులవుతుంది. అన్నీ ఆర్డరు పెట్టే ముందు ఒక్క రిమ్ము తెప్పించి, క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతుందో లేదో చూశాం.

లిఫ్టు ఆఖర్న. అరవై వేల కి.మీ. తిరిగిన షాకబ్జర్లు ఎలాగూ నీరసించాయి. స్కిడ్ ప్లేటు మూలకి కొంచెం ఎత్తు అవసరం. ముందు 40 మి.మీ. చాలనుకున్నాం, అదీ స్పేసరుతో కాదు, సరైన స్ప్రింగు, దానికి తగ్గ పొడవున్న షాకబ్జరుతో. స్ప్రింగు ఎంచేటప్పుడు బుల్ బార్ (ముందు బిగించే ఇనుప గార్డు), వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉన్న బండికి చేసిన రకం ఇవ్వబోయారు. ఈ బండికి ఆ బరువు లేదు. అది వేస్తే 40 అనుకున్నది 60 దాటుతుంది, మళ్ళీ క్యాస్టర్ గొడవ. బార్ లేని బండి రకమే తెప్పించాం. వెనక దిమ్మలు తీసేసి, 200 కిలోల నిత్య బరువుకి తగ్గ కమాన్ కట్టలు వేసి, తొట్టిలో సామాను పెట్టే ఎత్తు కొలిచాం. 25 మి.మీ. లేచింది. కొలత నేల నుంచి కాదు, హబ్ మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకి తీసుకుంటాం. టైరు, గాలి మారినా ఆ అంకె మారదు.

బిగింపులో ఒక సంగతి. ఆర్ముల బుష్ బోల్టులు, కమాన్ కళ్ళ బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన ఎత్తులో కూర్చున్నాక బిగించాలి. లేకపోతే బుష్ రబ్బరు మెలిక పడి ఉండిపోతుంది. తొందరగా చీలుతుంది, ఎత్తు కొలత కూడా తప్పు చూపిస్తుంది. కొత్త లిఫ్టు వేసిన బండిలో కొద్ది నెలలకే కిర్రుమనే చప్పుడు వస్తే నేను ముందు చూసేది అదే. ఆ తర్వాత బూటు, గ్రీజు మార్చి, అలైన్‌మెంటు చేసి, చివర్న హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా కిందికి దించాం.

తర్వాత

క్యాస్టర్ కంపెనీ పరిధిలోకి వచ్చింది, మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను తిరిగొస్తోంది. ఘాట్‌లో ఇదివరకు రెండో గేరు కావాల్సిన చోట మూడు పట్టుకుంటోంది. మీటరు తేడా కలుపుకుంటే మైలేజీ 11 దగ్గర ఉంది. కంపెనీ హెచ్‌టీ (తారు రోడ్డు రకం) టైరుతో వచ్చిన పదకొండున్నర రాలేదు, ఏటీ టైరుతో రాదు కూడా. ఆ వానాకాలం గడిచాక బండి సర్వీసుకి వచ్చింది. సైడ్‌వాల్ కోత ఒక్కటీ లేదు. ట్రెడ్డులో ఒక మేకు దిగితే అక్కడికక్కడే ప్యాచి వేయించుకున్నారు. కమాన్లు 5 మి.మీ. కూర్చున్నాయి, అది మామూలే. కమాన్ కట్టల్ని యాక్సిల్‌కి పట్టే యూ-బోల్టులు మళ్ళీ బిగించాం.

నాలాగే ఈ పని చేసేవాళ్ళు దీని నుంచి తీసుకోదగ్గవి నా ఉద్దేశంలో రెండు. ఏ సైజు కావాలని అడిగే ముందు బండి కింద గీతలు, పాత టైరు కోతలు చూడండి. ఆ మనిషికి కావాల్సింది ఎత్తా, రబ్బరా, లేక తగిలించుకున్నవి విప్పడమా అన్నది అవే చెబుతాయి. రెండోది, ఐదో చక్రం ఎక్కడ పెడతారో తేలకుండా నాలుగు చక్రాలు అమ్మకండి.

ఇప్పుడు ఓనరు ముందు స్టీలు బార్, వించి పెట్టించుకోవాలంటున్నారు. బురదలో ఒంటరిగా తిరిగే మనిషికి వించి అడగడం సబబే. కానీ ముందు కూర్చునే బార్, వించి కలిపితే చాలా బరువు, ఇప్పుడున్న స్ప్రింగులు కిందికి దిగిపోతాయి, క్యాస్టర్, లైట్లు మళ్ళీ సర్దాలి. పైగా బుల్ బార్ మీద నిషేధం ఉంది. బార్ లేకుండా, వెనక తొట్టిలో పెట్టి అవసరమైనప్పుడు తగిలించుకునే చేతి వించి, నేలలో దిగే యాంకరు చూద్దామని చెప్పాను. ఆ బరువు వెనక కమాన్ల లెక్కలో ఇమిడిపోతుంది.